కథ కొనకండి... కత్తిని చూడండి!

దసరా వస్తోందంటే పల్లెల్లో ఇనుప సామానుకు తలంటు పోసినంత హడావుడి. నాగలి కర్రు, కొడవలి, కత్తిపీట, గొడ్డలి... ఏడాదంతా మూలన పడున్నవన్నీ ఆయుధపూజ పేరుతో వెలుగు చూస్తాయి. చెరకు తోటలకూ బెల్లానికీ పేరున్న చోడవరం వైపైతే చెరకు నరికే కత్తికీ ఆ రోజు పసుపు, కుంకుమ తప్పవు. నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన ఊరది.

అలాంటి ఓ పండగపూట... అటకమీది ట్రంకుపెట్టె అడుగున, పాత పంచె ముక్కలో చుట్టిన బాకు ఒకటి బయటపడిందనుకుందాం. జానెడు పైచిలుకు బ్లేడు, లోహపు ఒర. పిడిమీద రెక్కలు చాచిన గద్ద బొమ్మ. దాని కాళ్లకింద స్వస్తిక్‌లాంటి గుర్తు.

''మీ తాత మిలట్రీ నుంచి తెచ్చిందేరా. యుద్ధంలో జర్మనోడి దగ్గర లాక్కున్నాడట'' అంటుంది మామ్మ.

''ఏ ఎగ్జిబిషన్లోనో కొనుంటారులెండి అత్తయ్యా'' అంటుంది కోడలు.

మనవడు అప్పటికే సెల్‌ఫోన్లో ఫొటో తీసి స్నేహితులకి పంపించేశాడు. సాయంత్రానికల్లా కబురు... 'ఇలాంటివి ఫారిన్‌లో లక్షలు పలుకుతాయట!'

ఇంతకీ ఎవరి మాట నిజం? మామ్మదా? కోడలిదా? బాకుని చూసే చెప్పగలమా? చాలావరకూ చెప్పొచ్చు. పాత ఆయుధాలు సేకరించేవాళ్ల దగ్గర ఓ సూత్రం ఉంది: కొనాల్సింది వస్తువుని, దాని వెనకున్న కథని కాదు. ఎందుకంటే కథకి తుప్పు పట్టదు. ఎవరైనా ఎప్పుడైనా కొత్తది అల్లొచ్చు!

తాతగారు తెచ్చి ఉండొచ్చా?

అది అసాధ్యమేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో 25 లక్షల మందికి పైగా భారతీయులు సైన్యంలో పనిచేశారు. మన సైనిక డివిజన్లు ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లోనూ, ఇటలీ కొండల్లోనూ జర్మన్లతో ముఖాముఖి తలపడ్డాయి. వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే మద్రాస్ శాపర్స్ దళాలూ అక్కడున్నాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా జిల్లాలూ భాగమే. రెండు ప్రపంచయుద్ధాలకీ మనుషుల్ని పంపి, పేరులోనే ఆ గుర్తు నిలుపుకున్న 'మిలటరీ మాధవరం' తాడేపల్లిగూడెం దగ్గరే ఉంది.

లొంగిపోయిన జర్మన్ అధికారి నడుముకున్న బాకుని గుర్తుగా తీసుకోవడం అప్పట్లో అన్ని దేశాల సైనికులూ చేసిన పనే. కాబట్టి మామ్మ చెప్పింది జరగడానికి వీలున్న కథే. అయితే జరగడానికి వీలుండటం వేరు, జరిగిందనడం వేరు. సరిగ్గా ఈ తేడా దగ్గరే జేబులు ఖాళీ అవుతుంటాయి.

ఊరంతా కత్తులే!

జర్మనీలో డ్యూసెల్డార్ఫ్ నగరానికి దగ్గర్లో జోలింగెన్ అనే ఊరుంది. వందల ఏళ్లుగా దాని పనే కత్తులు... యుద్ధంలో తిప్పే ఖడ్గం నుంచి గడ్డం గీసుకునే కత్తిదాకా. కత్తులకోసమే ప్రత్యేకంగా ఓ మ్యూజియం కూడా అక్కడుంది. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక ఆ ఊరికి చేతినిండా పని దొరికింది. ముందు పార్టీ దళాలకి, ఆ తర్వాత సైన్యానికి, నౌకాదళానికి, వైమానికదళానికి... ఎవరి యూనిఫాంకి తగ్గ బాకు వాళ్లకి. గోధుమరంగు చొక్కాల 'ఎస్.ఎ.' దళానికి గోధుమరంగు చెక్క పిడి, 'ఎస్.ఎస్.' దళానికి నల్ల పిడి. సైనికాధికారుల బాకు 1935లో వచ్చింది. దాని పిడి తెలుపు నుంచి ముదురు నారింజ వరకూ రకరకాల రంగుల్లో కనిపిస్తుంది.

నిజానికి ఇవి పోరాడే ఆయుధాలు కావు. కవాతుల్లో, విందుల్లో నడుముకి వేలాడే హోదా గుర్తులు. అందుకే పనితనం మీద అంత శ్రద్ధ పెట్టారు. అసలునీ నకిలీనీ విడదీసేది కూడా ఆ శ్రద్ధే.

ఏం చూడాలి?

బ్లేడు మీది గీతలు: ఎస్.ఎ., ఎస్.ఎస్. బాకుల బ్లేడుని జోలింగెన్ పనివాళ్లు సానచక్రం మీద అడ్డంగా రుద్దేవారు. అందుకే వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే ఓ అంచు నుంచి రెండో అంచుకి వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. నకిలీల్లో చాలావాటికి ఆ గీతలుండవు. అద్దంలా మెరుస్తుంటాయి, లేదంటే గీతలు నిలువుగా ఉంటాయి. కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోందంటే సంతోషించకూడదు... అనుమానించాలి!

అక్షరాలు: ఎస్.ఎ. బాకు మీద 'అంతా జర్మనీ కోసమే' అనే అర్థమొచ్చే జర్మన్ నినాదం ఉంటుంది. దాన్ని ఆమ్లంతో తొలిచి చెక్కారు. అక్షరాల అంచులు పదునుగా, లోతు అంతటా ఒకేలా ఉండాలి. ఓ అక్షరం లావుగా, ఇంకోటి సన్నగా ఉన్నా, పైపైన ముద్ర కొట్టినట్టున్నా తేడా ఉన్నట్టే.

అతుకులు: చెక్క పిడి, లోహపు అడ్డపట్టీ కలిసేచోట గోరు దూరే సందు కూడా ఉండకూడదు. ఏ బాకు పిడిని ఆ బాకుకే చేత్తో చెక్కి అమర్చేవారు మరి. చెక్కలో పొదిగిన గద్ద బొమ్మా అంతే, ఉంగరంలో రాయిలా కుదురుకుని ఉండాలి. చుట్టూ ఖాళీ కనిపించినా, జిగురు పూసిన ఆనవాళ్లున్నా నమ్మలేం.

లోహం: మనింట్లో కుంకుమభరిణెలకీ పూజ పళ్లేలకీ వాడే 'జర్మన్ సిల్వర్' ఉంది కదా! పేరులో వెండి ఉన్నా అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. తొలినాళ్లలో చేసిన బాకుల అడ్డపట్టీ, గద్దబొమ్మ లాంటివి ఈ లోహంతోనే చేశారు. ఆ తర్వాత ఖర్చు తగ్గించడానికి జింకు మిశ్రమానికి నికెల్ పూత వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత బుడగలు కట్టి పెచ్చులూడుతుంది. అంటే తొలికాలపు బాకు అని చెబుతూ పెచ్చులూడే పూత చూపిస్తే కథ తప్పినట్టే. ఇక్కడ అయస్కాంతం కాస్త పనికొస్తుంది. జర్మన్ సిల్వర్‌కి అది అంటుకోదు, ఇనుముకి టక్కున అంటుకుంటుంది. కానీ ఇత్తడికీ అల్యూమినియానికీ కూడా అంటుకోదు. అందుకే అయస్కాంతం 'ఇది అది కాదు' అని చెప్పగలదు గానీ 'ఇదే అసలైనది' అని చెప్పలేదు.

తయారీదారు ముద్ర: జోలింగెన్‌లో ఒక్కో కంపెనీకీ ఓ బొమ్మ. ఐక్‌హార్న్ వాళ్లది ఉడత, రాబర్ట్ క్లాస్‌ది కొంగల జంట. 1930ల మధ్య నుంచి పార్టీ దళాల బాకుల మీద పేరుకి బదులు 'ఆర్‌జెడ్ఎం' అనే ముద్రా, కంపెనీకి కేటాయించిన అంకెలూ వేయడం మొదలైంది. కాబట్టి ముద్ర చెప్పే కాలం, లోహం చెప్పే కాలం, నమూనా చెప్పే కాలం... మూడూ కలవాలి. తల్లీ పిల్లల పుట్టిన తేదీలు సరిచూసుకున్నట్టన్నమాట!

పిడి లోపల: అన్నిటికన్నా పెద్ద సాక్షి ఇదే. బ్లేడు చివరన ఇనుప తోక ఒకటి పిడిలోపలికి దూరి ఉంటుంది. ఎవరికీ కనిపించని చోటు కాబట్టి నకిలీ చేసేవాడికి అక్కడ బద్ధకం. పైన ఆమ్లం పూసి, ఉప్పునీళ్లలో నానబెట్టి తుప్పు తెప్పించగలడు. లోపలమాత్రం తోక నిగనిగలాడుతుంటుంది. కొన్నిసార్లు బోల్టు కడ్డీని వెల్డింగ్ చేసిన మచ్చ కూడా దొరుకుతుంది. అలాగని ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని విప్పకూడదు సుమా. అసలైన బాకే అయితే చెక్క పగిలి అసలుకే మోసం వస్తుంది. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

చెరిపేసిన పేరుకి ధర!

నకిలీ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఓ చిన్న చరిత్ర వినాలి. ఎస్.ఎ. దళానికి నాయకుడు ఎర్నెస్ట్ రోమ్. 1934 ఫిబ్రవరిలో పాత కార్యకర్తలకి 'హృదయపూర్వక స్నేహంతో' అని తన సంతకంతో చెక్కించిన బాకులు పంచాడు. ఆ తర్వాత అయిదు నెలలైనా తిరక్కుండానే హిట్లర్ ఆదేశాలతో రోమ్‌నే చంపేశారు. బాకుల మీద ఆయన పేరు అరగదీసేయాలని ఉత్తర్వులొచ్చాయి. దాదాపు అందరూ అరగదీశారు. ఎక్కడో కొందరు మాత్రం దాచేశారు.

ఇంకేముంది! పేరు చెరగని రోమ్ బాకు అంటే సేకరణదారులకి నిధి. నకిలీగాళ్లకీ నిధే. మామూలు ఎస్.ఎ. బాకు తీసుకుని వెనకవైపు ఆ వాక్యం చెక్కేస్తే సరి... ధర ఎన్నో రెట్లు. ఇలాంటి బాకులో బ్లేడు అసలుదే, పిడి అసలుదే, ఒర అసలుదే... అబద్ధం ఒక్క వాక్యంలోనే ఉంటుంది. యుద్ధం అయ్యాక జోలింగెన్‌లో మిగిలిపోయిన విడిభాగాలతో అప్పటికప్పుడు బాకులు బిగించి విదేశీ సైనికులకి అమ్మిన సంగతీ అందరికీ తెలిసిందే. ముక్కలన్నీ నిజమే, మొత్తంగా చూస్తే మాత్రం నకిలీ! నిపుణులనే తికమక పెట్టేవి ఇవి.

మన దేశంలోనూ డెహ్రాడూన్ లాంటిచోట్ల సినిమాలకీ అలంకరణకీ నమూనా కత్తులు చేస్తారు. నమూనా అని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. చేతులు మారేకొద్దీ 'నమూనా' అన్న మాట జారిపోయి, 'తాతగారు' వచ్చి చేరతాడు. అక్కడే చిక్కు.

కాగితం కూడా అబద్ధమాడుతుంది

'సర్టిఫికెట్ ఉంది కదా' అంటారా? జర్మనీలో కొన్రాడ్ కుయావ్ అనే నాజీ వస్తువుల వ్యాపారి ఉండేవాడు. మామూలు పాత వస్తువుకి 'ఇది ఫలానా పెద్దమనిషిది' అని తనే ఓ పాత చీటీ రాసి జతచేసేవాడు. ధర అమాంతం పెరిగేది. అలా చేయి తిరిగాక ఏకంగా హిట్లర్ డైరీలే రాసేశాడు! 'స్టెర్న్' పత్రిక వాటికి 90 లక్షల మార్కులకు పైగా ముట్టజెప్పి, 1983 ఏప్రిల్‌లో ప్రపంచానికి గొప్పగా ప్రకటించింది. రెండు వారాలైనా కాకముందే జర్మనీ జాతీయ అభిలేఖాగారం అవి నకిలీవని తేల్చేసింది. యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చిన తెల్లదనం రసాయనం ఆ కాగితంలో దొరికింది. చేతిరాత చూసి బోల్తాపడ్డ పండితులున్నారు గానీ కాగితం మాత్రం నిజమే చెప్పింది.

దీనికి రెండోవైపు కూడా ఉంది. ఆధారం పక్కాగా ఉంటే విలువ ఆకాశాన్నంటుతుంది. టిప్పు సుల్తాన్ పడకగదిలో దొరికిన ఖడ్గం 2023 మే నెలలో లండన్ వేలంలో కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అది జనరల్ బెయిర్డ్ చేతికి ఎలా వెళ్లిందో రాతపూర్వకంగా ఉంది. గమ్మత్తేంటంటే, ఆ ఖడ్గం బ్లేడు కూడా ఒకప్పుడు మన దేశానికొచ్చిన జర్మన్ బ్లేడుల తీరులోనే చేసిందని వేలం సంస్థ చెప్పింది.

జర్మన్ కత్తి... దక్కనీ పిడి

అవును, జర్మన్ కత్తి మనకి హిట్లర్ కాలంలో పరిచయమైంది కాదు. నాలుగు వందల ఏళ్లకి ముందే ఓడల్లో వచ్చింది. మనకి 'ఫిరంగి' అంటే గుండ్లు పేల్చేదే గుర్తొస్తుంది. దక్కన్‌లో మాత్రం విదేశీ బ్లేడుకి మన పిడి బిగించిన పొడవాటి కత్తినీ ఫిరంగీ అనేవారు. ఫిరంగులు... అంటే పరదేశీయులు తెచ్చింది కాబట్టి. హైదరాబాద్ కత్తుల్లో 'అలెమానీ' అనే రకం ఒకటుంది. ఆ మాటకి అర్థమే 'జర్మన్ది' అని!

విదేశీ బ్లేడుకి గిరాకీ ఉందని తెలిశాక మన కమ్మరులు ఊరుకుంటారా? తాము చేసిన బ్లేడు మీదే విదేశీ ముద్రలు కొట్టేశారు. తప్పంతా మనదే అనుకోనక్కర్లేదు. పరుగెత్తే తోడేలు బొమ్మ మొదట పస్సావ్ అనే ఊరి కత్తుల ముద్ర. దానికి పేరొచ్చిందని జోలింగెన్ పనివాళ్లూ అదే తోడేలుని తమ కత్తుల మీద చెక్కుకున్నారు. ఇప్పుడు తన పేరుని ఎవరూ వాడుకోకుండా చట్టంతో కాపాడుకుంటున్న ఊరి కథ ఇది!

అంతకన్నా విడ్డూరం... ఐరోపా వాళ్ల కత్తికోసం మనం ఎగబడుతున్న రోజుల్లోనే మన ఉక్కు కోసం పశ్చిమాసియా వర్తకులు ఎగబడ్డారు. నిజామాబాద్ వైపున్న కోనసముద్రం ఉక్కు ముద్దల్ని పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కెళ్లేవారు. నీళ్లమీది అలల్లాంటి చారలతో మెరిసే డమాస్కస్ ఖడ్గాల వెనకున్నది ఇలాంటి దక్షిణాది ఉక్కే. ఇప్పుడు ఆ చారలకీ నకిలీలున్నాయి. మామూలు ఇనుము మీద ఆమ్లంతో అలలు గీసేస్తారు. అసలు చార ఉక్కు లోపలిదాకా ఉంటుంది, గీసింది పైపైనే ఆగిపోతుంది.

చింతపండు జోలికి వెళ్లొద్దు

మన ఇళ్లలో జర్మన్ బాకులు దొరకడం అరుదే కావచ్చు. పాత కత్తులు మాత్రం దొరుకుతాయి. బొబ్బిలి, విజయనగరం, మాడుగుల లాంటి సంస్థానాలు నడిచిన నేల ఇది. కొలువుల్లో పనిచేసినవాళ్ల ఇళ్లలో పూజగదిలోనో, దూలంలోనో ఓ కత్తి ఉండిపోవడం మామూలే. అలాంటివాటికి మోసగాళ్లకన్నా ముందు చేటు చేసేది మనమే. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, ఇసుక, ఎమిరీ కాగితం పెట్టి తెగ తోమేస్తాం. దాంతో వయసు చెప్పే నల్లటి పొర, పనివాడి గీతలు, పిడిమీది సన్నటి బంగారు పూత, అక్షరాలు... అన్నీ కాల్వలో కలుస్తాయి. మిగిలేది ఇనుప బద్ద. అప్పుడొచ్చిన నిపుణుడు కూడా చేయగలిగింది ఉండదు. సాక్ష్యాన్ని మనమే తోమేశాం మరి!

ఏం చేయాలి? పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, సన్నగా మెషిను నూనె రాస్తే చాలు. వట్టి చేత్తో బ్లేడు పట్టుకోకూడదు, చెమటలోని ఉప్పే తుప్పుకి పునాది. పూజలో పసుపు కుంకుమలు పెడితే అదేరోజు తుడిచి ఆరబెట్టాలి. తోలు ఒరలో ఏళ్లతరబడి వదిలేయకూడదు, అది తేమ పట్టి ఉంచుతుంది. అన్నివైపులా ఫొటోలు తీసి దాచుకోవాలి.

అమ్మేద్దామనుకుంటే? వందేళ్లు దాటిన వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. సొంతంగా విదేశాలకి పంపడానికి వీల్లేదు. 1933లో చేసిన బాకుకి 2033లోగానీ వందేళ్లు నిండవు. అలాగని అది కూరగాయల కత్తి అయిపోదు. కత్తులు, బాకులకి 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. కాబట్టి కొనాలన్నా, అమ్మాలన్నా, ఊరు దాటించాలన్నా ముందుగా పోలీసుస్టేషన్లో నిబంధనలు అడిగి తెలుసుకోవడం మంచిది. వయసు, విలువ తెలుసుకోవాలంటే పురావస్తు, మ్యూజియాల శాఖ ఉంది. అసలైన పనితనం ఎలా ఉంటుందో కళ్లకి అలవాటు కావాలంటే మాత్రం హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిని మించిన బడి లేదు. వంద అసలైనవి చూసిన కన్ను నకిలీని దానంతటదే పట్టేస్తుంది.

ఆ గుర్తు సంగతి...

చివరగా గద్ద కాళ్లకింది గుర్తు. మన గుమ్మం మీది స్వస్తిక్‌కీ దానికీ పోలిక ఆకారంలోనే. దాని నీడలో 60 లక్షల మంది యూదుల్ని పొట్టనపెట్టుకున్నారు. జర్మనీలో ఆ గుర్తుల్ని బహిరంగంగా ప్రదర్శించడం ఇప్పటికీ నేరం. ఎస్.ఎ. బాకు మీదుండే ఆ నినాదాన్ని సభలో పలికినందుకు ఓ రాజకీయ నాయకుడికి 2024లో హాలే నగర కోర్టు 13 వేల యూరోల జరిమానా వేసింది. కాబట్టి ఇది షోకేసులో గర్వంగా పెట్టుకునే బొమ్మ కాదు. దాచుకుంటే... ఏ రాక్షసత్వం మీద గెలిచి మనవాళ్లు ఇంటికొచ్చారో చెప్పే సాక్ష్యంగానే దాచుకోవాలి.

మళ్లీ చోడవరం ఇంటికొద్దాం. బాకుని వెలుతురుకి పట్టి చూశారు. అడ్డగీతల్లేవు. గద్ద చుట్టూ జిగురు. కోడలి మాటే నెగ్గింది. మామ్మ మొహం చిన్నబోయింది.

అయితే అదే పెట్టె అడుగున ఇంకో కాగితాల కట్ట ఉంది. తాతగారి మిలటరీ డిశ్చార్జి పుస్తకం, ఓ పాత ఫొటో, చిరునామా సగం చెరిగిన రెండు ఉత్తరాలు. వాటికి మార్కెట్లో పెద్ద ధర పలకదు. కానీ ఆయన ఏ దళంలో ఉన్నాడు, ఏ దేశాలు తిరిగాడు... అన్నీ అందులోనే ఉన్నాయి. మిగతాది మామ్మకి గుర్తుంది. మనవడు ఆ సెల్‌ఫోన్లోనే ఆమె మాటలు రికార్డు చేసుకుంటే సరి.

బాకు నకిలీ కావచ్చు. తాతగారు కాదుగా!